పీజీ లేకపోతే డాక్టరు కాదా?

సంబంధాలు మాట్లాడుకునే చోట "అబ్బాయి డాక్టరండీ" అంటే ఇప్పుడెవరూ సంతోషించి ఊరుకోవడం లేదు. "పీజీ ఎందులో?" అన్నది వెంటనే వచ్చే రెండో ప్రశ్న. "ఎంబీబీఎస్ అయిందండీ, ఎంట్రన్సుకు చదువుతున్నాడు" అంటే "సరే, సీటు వచ్చాక మాట్లాడుకుందాం లెండి" అన్నది జవాబు. ఆసుపత్రిలోనూ ఇదే తంతు. బోర్డు మీద పేరు పక్కన ఎం.డి., డి.ఎం. అని కనబడితే తప్ప జలుబుకైనా ఓపీ చీటీ రాయించుకోం. ఐదున్నరేళ్లు చదివి, మెడికల్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని, మందు రాయడానికీ మరణ ధ్రువపత్రం మీద సంతకం పెట్టడానికీ చట్టం అధికారమిచ్చిన మనిషిని పట్టుకుని "ఉత్త ఎంబీబీఎస్" అంటున్నాం.

తెలియనివాళ్లు అంటే పోనీలే అనుకోవచ్చు. పాఠం చెప్పే పెద్దలే క్లాసులో "ఈ రోజుల్లో ఎంబీబీఎస్‌కు విలువేముందోయ్" అంటారు. డాక్టర్ల కొరత మాట వచ్చినప్పుడల్లా ప్రభుత్వాలు పెంచిన పీజీ సీట్ల సంఖ్య చదువుతాయి. వైద్యశాస్త్రం విపరీతంగా పెరిగిపోయిందనీ, ఐదున్నరేళ్ల చదువు ఈ కాలానికి చాలదనీ, ఏదో ఒక విభాగంలో నిపుణుడైతే తప్ప రోగిని ముట్టుకోకూడదనీ వాదన. చదువుకున్నవాళ్ల ఇళ్లలో దీన్ని వాదన అని కూడా అనుకోరు, అందరూ ఒప్పేసుకున్న సంగతి. దాన్నే నేను కాదంటున్నాను. రోగాల విషయంలో ఇది అబద్ధం. చదువు విషయంలో హానికరం. ఇవాళ్టి ఎంబీబీఎస్ డాక్టరు నిజంగానే బలహీనంగా ఉన్నాడనుకుంటే, అలా కావడానికి కారణాల్లో మొదటిది ఈ నమ్మకమే.

రోగాల సంగతితో మొదలుపెడదాం. 1961లో కెర్ వైట్ అనే అమెరికన్ వైద్యుడు ఇద్దరు సహచరులతో కలిసి అమెరికా, బ్రిటన్ లెక్కలు ముందేసుకుని ఒక అంచనా కట్టాడు. వెయ్యి మంది పెద్దవాళ్లలో ఒక నెలలో 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. వాళ్లలో డాక్టరు దగ్గరకు వెళ్లేది 250 మంది. ఆసుపత్రిలో చేరేది తొమ్మిది మంది. ఇంకో డాక్టరు దగ్గరకు పంపాల్సి వచ్చేది ఐదుగురిని. బోధనాసుపత్రి గడప తొక్కేది ఒక్కరు. నలభై ఏళ్ల తర్వాత, 2001లో, అమెరికాలోనే మరికొందరు ఈ లెక్క తిరగేస్తే పెద్దగా తేడా రాలేదు. మన జిల్లాల్లో అంకెలు అటూ ఇటూ కావచ్చు గానీ తీరు ఇదే. ఇప్పుడు ఆలోచించండి: మన వైద్య విద్యార్థి చదువంతా నేర్చుకునేది ఆ వెయ్యి మందిలో ఒకే ఒక్కడి మంచం దగ్గర. డాక్టరు కోసం బయలుదేరిన మిగతా 249 మంది ఎలా ఉంటారో అతను చూడకుండానే పట్టా పుచ్చుకుంటాడు. ఆ తర్వాత మనం "వీడికేం తెలుసు?" అంటాం.

ఆ 249 మందికి కావలసిందేమిటి? జ్వరం మూడో రోజున ఇది వైరలా, డెంగీయా, మలేరియానా, టైఫాయిడా అని తేల్చగలగాలి. రెండు వారాలుగా దగ్గుతున్నవాడి చేత కళ్లె పరీక్ష చేయించాలన్న ఆలోచన రావాలి. షుగరు, బీపీ మందులు సక్రమంగా రాసి, క్రమం తప్పకుండా కాళ్లూ కళ్లూ చూడాలి. ఛాతీలో మంట అన్న మనిషికి అది గ్యాసో గుండో తెలుసుకునేందుకు ఈసీజీ తీసి, పంపాల్సిన పక్షంలో నోట్లో ఆస్పిరిన్ మాత్ర వేసి పంపాలి. ఇందులో ఏ ఒక్కదానికీ గుండె నిపుణుడు అక్కర్లేదు. ఎవరిని గుండె నిపుణుడి దగ్గరకు పంపాలో ఎరిగినవాడు కావాలి, అదే అసలైన పని.

పాముకాటు తీసుకోండి, మన వానాకాలపు పల్లెల్లో ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు. కట్లపాము కరిచినచోట గాటు కూడా సరిగా కనబడదు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తాడు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. దాన్ని కడుపునొప్పి అనుకున్న డాక్టరు చేతిలో ప్రాణం పోతుంది. కాటు రక్తపింజరిదని అనుమానం వస్తే శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారిందంటే విషం ఎక్కిందని అర్థం. ఈ పరీక్షకు లాబ్ అక్కర్లేదు, గడియారం చాలు. వెంటనే విషానికి విరుగుడు మందు పది వయల్స్ సెలైన్లో కలిపి ఎక్కించాలి. ఆ మందే వికటించవచ్చు కాబట్టి అడ్రినలిన్ సిరంజిలో నింపి చేతిలో పెట్టుకోవాలి. ఇదంతా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక్క ఎంబీబీఎస్ డాక్టరు చేయగలిగిన పని, చేయాల్సిన పని. న్యూరాలజిస్టు ఉన్న నగరం దాకా వెళ్లేలోపు ఊపిరి ఆగిపోతుంది. నిండు గర్భిణికి ఫిట్స్ వచ్చినప్పుడూ అంతే. మెగ్నీషియం సల్ఫేటు రెండు పిరుదుల్లో ఐదేసి గ్రాములు ఇచ్చి పంపించే డాక్టరే ఆ తల్లిని బతికించినట్టు. పై ఆసుపత్రిలో చేసేదంతా ఆ తర్వాతి కథ.

ఇక మన రెండు నాల్కల ధోరణి చూడండి. ఎంబీబీఎస్ చాలదనే పెద్దమనిషే ఒళ్లు వెచ్చబడితే ముందుగా వీధి చివర ఆర్ఎంపీ దగ్గరకు వెళ్తాడు. అక్కడ ఏ కాలేజీ అని అడగడు. ఆయన ఒక స్టెరాయిడూ ఒక యాంటీబయాటిక్కూ పొడిచి, సెలైన్ పెట్టి, తగ్గకపోతే తనకు కమీషన్ వచ్చే కార్పొరేట్ ఆసుపత్రికి చీటీ రాసిస్తాడు. అంటే మన దగ్గర మనిషి అసలు డాక్టరే కాని వాడి నుంచి ఒక్క గెంతులో సూపర్ స్పెషలిస్టు దగ్గర పడుతున్నాడు. మధ్యలో ఉండాల్సిన డాక్టరునే మనం చిన్నచూపు చూసి ఖాళీ చేయించాం. ఆ పెద్ద ఆసుపత్రిలోనైనా రాత్రి రెండు గంటలకు మంచం దగ్గరకు పరిగెత్తుకొచ్చేది ఎవరు? బోర్డు మీద ఫొటో ఉన్న ప్రముఖుడా? కాదు, డ్యూటీ డాక్టరు. చాలాచోట్ల ఉత్త ఎంబీబీఎస్. బిల్లులో ఆయన పేరుండదు.

ప్రభుత్వమూ తక్కువ తినలేదు. ఒకవైపు గ్రామాల్లో బి.ఎస్సీ. నర్సింగ్ మీద ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసినవారిని నియమించి, తొలి వైద్యం వీరు చూడగలరంటోంది. మంచిదే, నేను తప్పుపట్టను. ఇంకోవైపు మైదాన ప్రాంతాల్లో ముప్పై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పెట్టి అక్కడ ఎంబీబీఎస్‌నే కూర్చోబెడుతోంది. 2018 నుంచి హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లో కూర్చుంటున్నదీ ఎంబీబీఎస్ డాక్టరే. ఆరోగ్య వ్యవస్థ సగం బరువు వాళ్ల భుజాల మీద పెట్టి, గొప్పగా చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ప్యాకేజీల గురించీ ఆపరేషన్ల గురించీ చెబుతారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరి ప్రాణాలో నిలబెట్టింది, కాదనను. కానీ దాని ప్యాకేజీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాడికే. చేరే అవసరం రాకుండా చూసిన డాక్టరుకు అందులో ఒక్క రూపాయి పద్దు లేదు.

ఈ చిన్నచూపు మనకు కొత్తది కాదు. స్వాతంత్ర్యానికి ముందు ఈ దేశంలో నమోదైన డాక్టర్లలో ఎక్కువ మంది లైసెన్షియేట్లే, మన పెద్దలు ఎల్.ఎం.పి. డాక్టరుగారు అని పిలుచుకున్నవాళ్లు. 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ రెండు తరగతుల డాక్టర్లు ఉండకూడదని, డాక్టరంటే దేశమంతా ఒకే ప్రమాణం గల ప్రాథమిక వైద్యుడని చెప్పి ఆ కోర్సును రద్దు చేయమంది. ఒప్పుకోని సభ్యులు కమిటీలోనే కొందరున్నారు, పల్లెలకు ఎవరు పోతారన్నది వారి బెంగ. చివరికి కమిటీ మాటే నెగ్గి లైసెన్షియేట్ చదువు పోయింది. ఎంబీబీఎస్ అంటే తొలి మెట్టన్న ఉద్దేశం భోర్ కమిటీకి లేదు, అదే పూర్తి డాక్టరు కావాలన్నది దాని ఆశయం. ఎనభై ఏళ్లు తిరక్కుండానే ఆనాడు లైసెన్షియేట్లను చూసిన చూపుతోనే ఈనాడు ఎంబీబీఎస్‌లను చూస్తున్నాం. రేపు ఎం.డి.ని కూడా "ఉత్త ఎం.డి." అంటాం. పెద్ద నగరాల్లో ఇప్పటికే అంటున్నారు.

"అయ్యా, చరిత్ర బాగానే ఉంది, కానీ ఇప్పుడు బయటికొస్తున్న ఎంబీబీఎస్‌లకు నిజంగానే ఏమీ రాదు కదా" అంటారు. ఇది గట్టి మాటే. తప్పించుకోను. చాలామందికి రావలసినంత రాదు. ఎందుకు రాదో చూద్దాం.

ఎంబీబీఎస్ నిర్మాణం కాగితం మీద చక్కగానే ఉంది. నాలుగున్నరేళ్లు చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. 2019లో చేరిన బ్యాచ్ నుంచి కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. విద్యార్థి ఏం చదివాడన్నది కాక ఏం చేయగలడన్నది చూడాలని దాని సారాంశం. మొదటి ఏడాదే వార్డు చూపించమంది, రోగితో మాట్లాడే పద్ధతి నేర్పమంది. ఆ ఏడాది ఇంటర్న్‌షిప్, మనవాళ్ల భాషలో హౌస్ సర్జన్సీ, మొత్తం చదువుకు ప్రాణం. మెడిసిన్, సర్జరీ, కాన్పులు, పిల్లలు, క్యాజువాల్టీ, మత్తు, ఊళ్లో ఆరోగ్య కేంద్రం, అన్నీ తిరగాలి. ఆ ఏడాదిలోనే చేతికి పని వస్తుంది. పసిబిడ్డ నరంలోకి సూది ఎక్కించడం, కాన్పులో బిడ్డ భుజం అడ్డుపడితే ఏం చేయాలన్నది, మనిషి పోయాడని బంధువులకు ఎలా చెప్పాలన్నది పుస్తకంలో నేర్చుకునేవి కావు.

ఇప్పుడు ఆ ఏడాది ఎలా గడుస్తోంది? పీజీ ప్రవేశ పరీక్ష ఆ ఇంటర్న్‌షిప్ చివరి నెలల్లోనో, ముగిసీ ముగియగానో పడుతుంది. రెండు వందల ప్రశ్నలు, ఎనిమిది వందల మార్కులు, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం. జీవితమంతా ఆ మూడున్నర గంటల మీద ఆధారపడిందని ఇంట్లోవాళ్లూ, ఊళ్లోవాళ్లూ, ప్రొఫెసర్లూ ఆరేళ్లుగా చెప్పిన తర్వాత ఇరవై మూడేళ్ల పిల్ల క్యాజువాల్టీలో ఎందుకు నిలబడుతుంది? ఫోనులో కోచింగ్ యాప్ పెట్టుకుని రీడింగ్ రూములో కూర్చుంటుంది. డ్యూటీ స్నేహితురాలితో సర్దుకుంటుంది. వార్డుకు వెళ్లినా అక్కడ చేయించేది రక్తం గొట్టాలు లాబుకు మోయడం, డిశ్చార్జ్ సమ్మరీలు రాయడం, స్కాన్ తేదీ కోసం బతిమాలడం. కాన్పు చేద్దామంటే ముందు వరుసలో పీజీలున్నారు. చివర్లో లాగ్‌బుక్కు మీద సంతకాలు పడిపోతాయి. ఏ విభాగాధిపతీ "ఇదిగో రోగి, చేసి చూపించు" అనడు. పీజీకి చదవడం మూడో ఏడాదిలోనే, కొందరికి మొదటి ఏడాదిలోనే మొదలవుతుంది కాబట్టి వార్డుల్లో గడపాల్సిన కాలం అంతకు ముందు నుంచే కరిగిపోతోంది.

అంటే జరుగుతున్నది ఇదీ: ఎంబీబీఎస్ చాలదన్నాం. కాబట్టి పిల్లలు ఎంబీబీఎస్ మానేసి ఎంట్రన్స్ చదివారు. కాబట్టి వాళ్లకు వైద్యం రాలేదు. రాలేదు కాబట్టి, చూశారా ఎంబీబీఎస్ చాలదు అన్నాం. రోగం మనమే అంటించి, అది ఉందని రుజువు చూపిస్తున్నాం.

చట్టంలో ఉన్న నెక్స్ట్ పరీక్ష వస్తే ఇది తీరుతుందని కొందరి ఆశ. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టంలో దాన్ని రాశారు. మూడేళ్లలో అమలు కావాల్సింది ఇప్పటికీ వాయిదాల్లోనే ఉంది. ఫైనల్ ఇయర్ పరీక్షే పీజీ ర్యాంకు కూడా ఇస్తుంది కాబట్టి ఇంటర్న్‌షిప్ ఏడాది విడుదలవుతుందంటారు. అవుతుందేమో. అప్పుడు ఫైనల్ ఇయర్ పోతుంది. పీజీ లేనివాడు మనిషే కాదన్న నమ్మకం అలాగే ఉండగా తేదీలు ఎటు జరిపినా దాని ముందున్న ఏడాదిని అది మింగుతుంది.

పీజీ ర్యాంకు ప్రతిభకు ముద్ర అనేవాళ్లకు ఒక్క సంగతి గుర్తుచేస్తాను. 2023 సెప్టెంబరులో పీజీ అర్హత పర్సంటైల్‌ను అన్ని వర్గాలకూ సున్నా చేశారు. పరీక్ష రాసిన ప్రతివాళ్లూ, మైనస్ మార్కులు వచ్చినవాళ్లు కూడా, సీటుకు అర్హులయ్యారు. ఎవరూ తీసుకోని సీట్లు మిగిలిపోతున్నాయి మరి. మిగిలేవి ఎక్కువగా అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. ఎగబడేవి రేడియాలజీ, డెర్మటాలజీ, జనరల్ మెడిసిన్. ఇష్టపడి రేడియాలజీ తీసుకునేవాళ్లను ఏమీ అనను, వాళ్లు లేకపోతే వైద్యమే లేదు. కానీ ప్రైవేటు కాలేజీలో ఆ సీటుకు కోట్లు కట్టే తండ్రి అది శాస్త్రం మీద ప్రేమతో కడుతున్నాడని ఎవరూ నమ్మనక్కర్లేదు. సున్నా పర్సంటైల్‌తో వచ్చిన పీజీ చాలుతుంది, ఐదున్నరేళ్ల చదువు చాలదు! ఇదెక్కడి లెక్క?

ఇంకా పాత లెక్కే ఒకటుంది. 2014లో దేశంలో ఎంబీబీఎస్ సీట్లు 51 వేల పైచిలుకు, పీజీ సీట్లు 31 వేల పైచిలుకు. 2024 నాటికి అవి లక్షా 12 వేలు, 72 వేలు దాటాయి. ఎంత పెంచినా ఏటా నలభై వేల మంది దాకా పీజీ లేకుండానే డాక్టర్లవుతారు. వీళ్లంతా అరకొర డాక్టర్లేనని మనం నమ్ముతున్నట్టయితే, ఏటా నలభై వేల అరకొర డాక్టర్లకు లైసెన్సులిచ్చి జనం మీదికి వదులుతున్న దేశం మనది. అంత ఘోరాన్ని ఎవరూ ప్రశ్నించరే? నమ్మకం నిజం కాదు కాబట్టి. సంబంధాలు చూసేటప్పుడూ ఫీజు నిర్ణయించేటప్పుడూ మాత్రమే అది పనికొస్తుంది.

బాగా చదివినవాళ్లు తెచ్చే చివరి అభ్యంతరం బ్రిటన్. అక్కడ జనరల్ ప్రాక్టీషనర్ కావాలన్నా డిగ్రీ తర్వాత రెండేళ్లు ఫౌండేషన్, ఆపైన మూడేళ్లు శిక్షణ ఉంది కదా అంటారు. ఉంది. నాకు అభ్యంతరం లేదు, అసూయ ఉంది. ఎందుకంటే ఆ మూడేళ్లూ వాళ్లు నేర్పేది సాధారణ వైద్యమే, పెద్ద భాగం ఊళ్లోని క్లినిక్కుల్లోనే. 1952లోనే అక్కడ జనరల్ ప్రాక్టీషనర్లకు సొంత కాలేజీ ఏర్పడింది. మనం పీజీ అంటున్నది దానికి నేరుగా ఎదురుది, మనిషి మొత్తాన్ని వదిలేసి ఒక భాగంలోకి వెళ్లడం. ఫ్యామిలీ మెడిసిన్‌లో పీజీ మన దగ్గరా ఉంది గానీ సీట్లు చాలా తక్కువ, కౌన్సెలింగులో దాన్ని చూసేవాళ్లు మరీ తక్కువ. అలాంటి శిక్షణ పెంచండి, మొదట చేతులెత్తి స్వాగతించేవాణ్ణి నేనే.

స్పెషలిస్టులను తయారుచేస్తే పల్లెలు బాగుపడతాయన్న భ్రమ కూడా పోవాలి. కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో ఉండాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు ఎనభై శాతం కొరత ఉన్నట్టు కేంద్ర గణాంకాలే చెబుతున్నాయి. పీజీ సీట్లు రెట్టింపైన కాలంలోనే ఇది. ఇక ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు 2024లోనూ 2025లోనూ ఆందోళనకు దిగినప్పుడు వాళ్ల ప్రధాన కోరిక పీజీలో సర్వీసు కోటా. వాళ్లను నిందించను. ఆ కుర్చీలో పదిహేనేళ్లు బాగా పనిచేసిన ఎంబీబీఎస్‌కు ఎదుగుదల ఏమిటో ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. బయటపడటమొక్కటే ఎదుగుదల అయితే ఎవరైనా బయటపడాలనే చూస్తారు.

చేయాల్సింది చాలా లేదు. ఇంటర్న్‌షిప్ చివర లాగ్‌బుక్కు సంతకాలతో సరిపెట్టకుండా, బయటి పరీక్షకుల ముందు రోగి పక్కన నిలబెట్టి పరీక్షించాలి. తప్పితే ఆ విభాగం మళ్లీ చేయించాలి. ఆ ఏడాది పనికి వచ్చిన మార్కులు పీజీ ర్యాంకులో కలవాలి, అప్పుడు రీడింగ్ రూములు వాటంతటవే ఖాళీ అవుతాయి. ప్రతి మెడికల్ కాలేజీలో సాధారణ వైద్యం నేర్పే విభాగం ఉండాలి, అందులో పాఠం చెప్పేవాళ్లు ఊళ్లో ప్రాక్టీసు చేసినవాళ్లై ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండిపోవాలనుకున్న డాక్టరుకు స్పెషలిస్టుతో సమానమైన జీతం దాకా మెట్లు కట్టాలి. చివరిది రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో పని. ఇంటర్న్‌షిప్ పరీక్షకు మాత్రం పార్లమెంటు దాకా వెళ్లాల్సిన అవసరం కూడా లేదు. ఇప్పుడున్న ఇంటర్న్‌షిప్ నిబంధనలను 2021లో జాతీయ వైద్య కమిషనే రాసుకుంది, సవరించే అధికారమూ దానిదే.